నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేషన్ ప్రాక్టికల్: కట్టడం వచ్చు, చెడింది పట్టుకోవడం ఎలా?

మూడో_ఏడాది
ఈ సెమిస్టర్‌లో నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేషన్ పేపర్. థియరీ అంతా ఓఎస్ఐ ఏడు పొరలు (నెట్‌వర్క్ పనిని కేబుల్ నుంచి అప్లికేషన్ దాకా విడదీసే నమూనా), టీసీపీ హెడర్‌లో ఏ బిట్ ఎక్కడ అనే బట్టీయం. ల్యాబ్ అంటే ప్యాకెట్ ట్రేసర్ (సిస్కో అనుకరణ సాఫ్ట్‌వేర్) తెరిచి షీట్‌లో ఉన్న కమాండ్లు కొట్టడం. ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష మాత్రం నిజం ర్యాక్ మీద పెడుతున్నారు. రెండు సిస్కో స్విచ్‌లు, రెండు రౌటర్లు, మూడు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు), డీహెచ్‌సీపీ (పీసీలకి అడ్రస్‌లు పంచేది), రౌటర్ల మధ్య ఓఎస్పీఎఫ్ (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి). అన్నీ ముందే కట్టి ఉంటాయి, అందులో నాలుగు తప్పులు పెడతారు. గంటన్నరలో పట్టుకుని, సరిచేసి, ఎందుకు చెడిందో రాయాలి. ఖాళీ స్విచ్ ఇస్తే కడతాను. చెడింది పట్టడం షీట్‌లో లేదు. నెల రోజులుంది, ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ పొరల బట్టీ దేనికైనా పనికొస్తుందా?

పింగ్_పరమేశం
పనికొస్తుంది. "నాలుగో పొర ట్రాన్స్‌పోర్ట్" అని రాయడానికి కాదు. "మూడో పొర దాకా బాగుంది, ఇక కిందికి చూడక్కర్లేదు" అని సగం పని కొట్టిపారేయడానికి.

లేయర్8
ఐదో పొర విడిగా చెడిపోయిన నెట్‌వర్క్ ఎవరైనా చూశారా? ఓఎస్ఐ ప్రమాణం వచ్చింది 1984లో. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ అప్పటికే 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారిపోయింది. రైలు వెళ్ళాక గోడకి అంటించిన టైమ్‌టేబుల్ అది. నీ పరీక్షకి 1 (కేబుల్), 2 (స్విచ్), 3 (ఐపీ), 4 (టీసీపీ), 7 (అప్లికేషన్) చాలు. ఎనిమిదోది కీబోర్డు ముందు కూర్చునే మనిషి. ఎక్కువ తప్పులు ఆ పొరలోనే.

సబ్‌నెట్_సావిత్రి
పీసీ దగ్గర మొదలుపెట్టు, రౌటర్ దగ్గర కాదు. రౌటర్ కాన్ఫిగ్ మొత్తం తెరిచి పైనుంచి చదవడం మొదలుపెడితే గంటన్నరా అక్కడే ఆవిరైపోతుంది.

ముందు పీసీకి ఏ అడ్రస్ వచ్చిందో చూడు. 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ జవాబు రాలేదన్నమాట. అడ్రస్ సరిగ్గానే ఉంది కానీ గేట్‌వే (పీసీకి బయటి దారైన రౌటర్) పింగ్ కావట్లేదా? వెంటనే ఏఆర్పీ టేబుల్ (ఏ ఐపీకి ఏ మ్యాక్, అంటే హార్డ్‌వేర్ అడ్రస్, అనే జాబితా) చూడు. గేట్‌వే ఐపీకి ఎదురుగా మ్యాక్ లేకపోతే రెండో పొర తెగింది: పోర్టు వేరే వీలాన్‌లో ఉండొచ్చు, ట్రంక్ (చాలా వీలాన్‌లని మోసే లింకు) మీద ఆ వీలాన్ లేకపోవచ్చు, రౌటర్ సబ్‌ఇంటర్‌ఫేస్ (ఒకే పోర్టులో ఒక్కో వీలాన్‌కి ఇచ్చే భాగం) మీద వీలాన్ ట్యాగ్ తప్పు కావచ్చు. మ్యాక్ కనబడుతూ పింగ్ రాకపోతే దారి ఉంది, మధ్యలో ఎవరో ఆపుతున్నారు. అప్పుడు ఏసీఎల్ (ఎవరిని వదలాలి, ఎవరిని ఆపాలి అనే నియమాల జాబితా) వైపు వెళ్ళు.

గేట్‌వే పలుకుతుంది, అవతలి రౌటర్ వెనక ఉన్నది పలకదు అంటే రౌటింగ్. వెళ్ళే దారి ఒక్కటే చూసి ఊరుకోకు, తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. పింగ్ పోవడం ఒక ప్రయాణం, జవాబు రావడం ఇంకో ప్రయాణం. ఐపీలన్నీ పలికి పేరు పలకకపోతే డీఎన్ఎస్ (పేరుని ఐపీగా మార్చేది).

ఈ నాలుగు ప్రశ్నలకీ రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాతే కన్సోల్ కేబుల్ పెట్టు.

క్రింపింగ్_టూల్
పైన అందరూ ఒకటో పొరని గెంతేశారు. ముందు లైటు వెలుగుతోందో లేదో చూడు. "షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్" కొడితే ఏ పోర్టు కనెక్టెడ్, ఏది నాట్‌కనెక్ట్, ఏది ఎర్ర్-డిసేబుల్డ్ అని ఒక్క తెరలో వస్తుంది. ఎర్ర్-డిసేబుల్డ్ (స్విచ్ తానే మూసేసింది) అని ఉంటే పోర్ట్ సెక్యూరిటీని అనుమానించు. స్టికీ మ్యాక్ (మొదట చూసిన మ్యాక్‌నే గుర్తుపెట్టుకోవడం) పెట్టి పీసీ మార్చేస్తే పోర్టు మూసుకుంటుంది. పరీక్ష పెట్టేవాళ్ళకి ఇది సులువైన తప్పు, ఒక్క కేబుల్ అటూ ఇటూ మారిస్తే చాలు. కారణం తీసేశాకే షట్‌డౌన్, నో షట్‌డౌన్ కొట్టు. లేకపోతే మళ్ళీ మూసుకుంటుంది.

పింగ్_పరమేశం
@క్రింపింగ్_టూల్ సావిత్రి గారు చెప్పిన వరసలో గేట్‌వే పింగ్ అయితే లైటు వెలిగినట్టే కదా. కింద నుంచి మెట్టు మెట్టుగా ఎక్కడం కేబుల్ మీద అనుమానం ఉన్నప్పుడే. మధ్యలో కొట్టి చూడటమే తొందరగా తేలే దారి.

క్రింపింగ్_టూల్
పింగ్ అయితే కేబుల్ బాగున్నట్టా? ఆగండి మాస్టారూ. స్ప్లిట్ పెయిర్ అని ఒకటుంది. 3, 6 పిన్నులు ఒకే జతలో ఉండాలి. రంగుల వరస పట్టించుకోకుండా 3-4, 5-6 అని పక్కపక్కన జత చేస్తే, రెండు చివర్లా అదే వరస కాబట్టి చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. పింగ్ కూడా వస్తుంది. పెద్ద ఫైలు పంపితే పాకుతుంది. 3, 6 తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని లేవు కాబట్టి పక్క జత గోల అంతా ఇందులోకి వస్తుంది.

టీ568బీ వరస ఒక్కసారి చేతికి ఎక్కించుకో: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ప్లగ్ దగ్గర మెలిక విప్పడం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. పైతొడుగు ప్లగ్ లోపలికి వెళ్ళి క్లిప్ కింద నొక్కుకోవాలి, లేకపోతే లాగినప్పుడు భారం తీగల మీద పడుతుంది.

ఇంకోటి, డూప్లెక్స్. ఫుల్ అంటే రెండు వైపులా ఒకేసారి మాట్లాడటం, హాఫ్ అంటే వంతులవారీగా. 100 ఎంబీపీఎస్ లింకులో ఒక వైపు ఫుల్ అని ఫిక్స్ చేసి అవతల ఆటో వదిలేస్తే, ఆటో వైపుకి సంకేతాలు అందక హాఫ్‌లోకి జారుతుంది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు సీఆర్సీ ఎర్రర్లు (చెడిపోయి చేరిన ఫ్రేములు) పెరుగుతుంటాయి. దీనిలోనూ పింగ్ హాయిగా వస్తుంది.

లేయర్8
పింగ్ వచ్చిందని సంతోషించేవాళ్ళందరి నోట్లో మట్టి కొట్టారు.

ట్రంక్_రోడ్డు
వీలాన్ తప్పుల గురించి రాస్తాను, నాలుగులో కనీసం ఒకటి ఇక్కడే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది "యాడ్" మర్చిపోవడం. ట్రంక్ మీద 10, 20 ఉన్నాయి, 30 చేర్చాలి. "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30" అని కొడితే 30 చేరదు, 10, 20 ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుతుంది. "అలౌడ్ వీలాన్ యాడ్ 30" అనాలి. తప్పు పెట్టేవాళ్ళు దీన్నే పెడతారు, సరిచేసేవాళ్ళు కూడా కంగారులో ఇదే తప్పు మళ్ళీ చేస్తారు. "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" రెండు చివర్లా కొట్టి పోల్చు. ఒక వైపు చూసి వదలకు.

రెండోది నేటివ్ వీలాన్ (ట్రంక్ మీద ట్యాగ్ లేకుండా వెళ్ళేది) రెండు వైపులా వేరుగా ఉండటం. దీన్ని వెతకనక్కర్లేదు, సీడీపీ (సిస్కో పరికరాలు పక్కవాటికి తమని పరిచయం చేసుకునే ప్రోటోకాల్) ఆన్‌లో ఉంటే కన్సోల్ మీద మెసేజ్ మొత్తుకుంటూనే ఉంటుంది. విద్యార్థులు ఆ మెసేజ్ అడ్డమొస్తోందని విసుక్కుని ఎంటర్ కొడతారు. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం ఇదే.

మూడోది, పోర్టు వీలాన్ 20లో ఉంది కానీ స్విచ్‌లో వీలాన్ 20నే డిలీట్ చేసేశారు. అప్పుడు "షో వీలాన్ బ్రీఫ్"లో ఆ పోర్టు ఏ వరసలోనూ కనబడదు. ఉన్నది కాదు, లేనిది గమనించాలి. మొత్తం పోర్టులు లెక్కపెట్టు. ట్రంక్ పోర్టులు కూడా ఆ జాబితాలో ఉండవని గుర్తుంచుకో, వాటిని తీసేసి లెక్కపెట్టు.

ఇక రౌటర్ వైపు: సబ్‌ఇంటర్‌ఫేస్ నంబరు 20 అయినంత మాత్రాన ట్యాగ్ 20 కాదు. నంబరు మన సౌకర్యానికి, ట్యాగ్ "ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ" లైనులో ఉన్నది. జీ0/0.20 లోపల డాట్1క్యూ 30 అని పెడితే చూపుకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

మూడో_ఏడాది
ఇవేవీ షీట్‌లో లేవు. ట్రంక్_రోడ్డు గారూ, లెక్కపెట్టే కిటుకుకి థాంక్స్. సబ్‌నెట్ మాస్క్‌లో తప్పు పెడితే ఎలా తెలుస్తుంది? బైనరీలో రాసుకుంటూ కూర్చుంటే టైము చాలదు.

సబ్‌నెట్_సావిత్రి
బైనరీ వద్దు. 256లోంచి మాస్క్ (ఐపీలో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది) చివరి సంఖ్య తీసెయ్యి. /26 అంటే 255.255.255.192, 256-192=64. బ్లాకులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. పీసీ 192.168.10.70, గేట్‌వే 192.168.10.62 అని ఉంటే, 70 రెండో బ్లాకు, 62 మొదటి బ్లాకు. ఈ ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేరు. ఐదు సెకన్ల పని.

డిజైన్ ప్రశ్న వస్తే పెద్దదాంతో మొదలుపెట్టు. 192.168.10.0/24లో 100, 50, 25, 10 మెషీన్లు, రెండు రౌటర్ లింకులు అడిగారనుకో. 100కి /25 (0 నుంచి 127), 50కి /26 (128 నుంచి 191), 25కి /27 (192 నుంచి 223), 10కి /28 (224 నుంచి 239), లింకులకి రెండు /30లు, 240, 244 దగ్గర. చిన్నదాంతో మొదలుపెడితే బ్లాకులు గడి తప్పి మధ్యలో ఖాళీలు మిగులుతాయి.

ఏఆర్పీ_అప్పారావు
దీనికి ఒక మెలిక కలుపుతాను. 62 మెషీన్లు అని అడిగితే /26 రాసేస్తారు, 62 వాడొచ్చు కదా అని. గేట్‌వేకి ఒకటి కావాలిగా! 63 అయ్యాయి, /25 ఇవ్వాలి.

తప్పు మాస్క్ ఎప్పుడూ లక్షణం చూపించదు కూడా. పీసీలో /26 బదులు /24 పెట్టారనుకోండి. 192.168.10.130 తన పక్కనే ఉందనుకుని గేట్‌వేకి పంపకుండా నేరుగా ఏఆర్పీ అడుగుతుంది. సిస్కో రౌటర్లలో ప్రాక్సీ ఏఆర్పీ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, కాబట్టి రౌటర్ "నేనే" అని జవాబిచ్చి పని నడిపించేస్తుంది. తప్పు కడుపులో దాక్కుంటుంది. పీసీ ఏఆర్పీ టేబుల్‌లో నాలుగైదు వేర్వేరు ఐపీలకి ఒకే మ్యాక్ కనబడితే ఇదే అని రాసెయ్యి.

రూట్_షెల్
ఇంతసేపూ సిస్కో పారాయణమే నడిచింది. ప్యాకెట్ ట్రేసర్‌లో నెల రోజులు గడిపితే ప్యాకెట్ ట్రేసరే వస్తుంది. అది నిజం ఐఓఎస్ (సిస్కో పరికరాల్లో నడిచే ఓఎస్) కాదు, దాన్ని అనుకరించే బొమ్మ. చాలా కమాండ్లు ఉండవు, ఉన్నవాటిలో కొన్ని అరకొరగా ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లతో (ఒకే మెషీన్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) నిజం ప్యాకెట్లు నడిపించొచ్చు. "ఐపీ నెట్‌ఎన్‌ఎస్ యాడ్"తో మూడు నేమ్‌స్పేస్‌లు: పీసీ1, ఆర్1, పీసీ2. వీఎత్ జతలు (రెండు చివరలున్న వర్చువల్ కేబుళ్ళు) రెండు, ఒక్కో చివర ఒక్కో నేమ్‌స్పేస్‌లోకి తొయ్యి. అడ్రస్‌లు ఇవ్వు, రెండు పీసీలకీ డిఫాల్ట్ రూట్ ఆర్1 వైపు పెట్టు.

పింగ్ రాదు. ఎందుకో వెతకడమే అభ్యాసం. వీఎత్ చివరలు పుట్టడమే డౌన్‌లో పుడతాయి, "లో" అనే లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ కూడా అంతే. అవి లేపాక ఆర్1లో ఐపీ ఫార్వర్డింగ్ 0లో ఉండొచ్చు, 1 చెయ్యాలి. ఒక్కో నేమ్‌స్పేస్‌లో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లు చూపే టూల్) పెట్టి ఎకో రిక్వెస్ట్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడు. ఓఎస్పీఎఫ్ కావాలంటే ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకో, దాని కమాండ్లు సిస్కోకి దగ్గరగానే ఉంటాయి. టీసీ నెట్ఎమ్‌తో 100 మిల్లీసెకన్ల ఆలస్యం, 2 శాతం నష్టం కూడా పుట్టించొచ్చు.

ట్రంక్_రోడ్డు
@రూట్_షెల్ మంచిదే, కానీ ఇతనికున్నది నెల, పరీక్ష సిస్కో ర్యాక్ మీద. వీలాన్, ట్రంక్, సబ్‌ఇంటర్‌ఫేస్ తప్పులకి ప్యాకెట్ ట్రేసర్ చాలు. అనుకరణే అయినా తప్పు అలౌడ్ లిస్టు అక్కడా అలాగే చస్తుంది.

రూట్_షెల్
తప్పు ఎక్కడుందో కాకుండా ప్యాకెట్ ఎక్కడ ఆగిందో చూసే అలవాటు కావాలంటే నాదే దారి. ట్రంక్ ప్యాకెట్ ట్రేసర్‌లో, రౌటింగ్ లినక్స్‌లో అనుకుని రాజీ పడదాం.

హలో_10_డెడ్_40
ఓఎస్పీఎఫ్‌కి కాన్ఫిగ్ చదవక్కర్లేదు, నైబర్ ఏ స్థితిలో ఆగిందో అదే జాతకం చెప్పేస్తుంది. "షో ఐపీ ఓఎస్పీఎఫ్ నైబర్" కొట్టు.

ఏమీ లేదు, ఖాళీ: ఏరియా నంబరు, హలో/డెడ్ టైమర్లు, మాస్క్, ఆథెంటికేషన్... వీటిలో ఏదో రెండు వైపులా కలవలేదు. లేదా ఆ ఇంటర్‌ఫేస్ ప్యాసివ్ (హలో పంపనిది) అయ్యింది, లేదా నెట్‌వర్క్ స్టేట్‌మెంట్‌లోకే రాలేదు. ఈథర్‌నెట్ మీద హలో (నేనున్నానని పంపే ప్యాకెట్) 10 సెకన్లకోసారి, డెడ్ (అంతసేపు హలో రాకపోతే నైబర్ పోయినట్టు లెక్క) 40. "డీబగ్ ఐపీ ఓఎస్పీఎఫ్ హలో" పెడితే కలవనివి పక్కపక్కన వస్తాయి, ఆర్ అంటే అవతలి నుంచి వచ్చింది, సీ అంటే మన దగ్గరున్నది.

ఇనిట్ దగ్గర ఆగింది: వాళ్ళ మాట మనకి వినబడుతోంది, మన మాట వాళ్ళకి వినబడట్లేదు. అవతలి ఇంటర్‌ఫేస్‌లో ఏసీఎల్ చూడు. ఓఎస్పీఎఫ్ టీసీపీ కాదు, యూడీపీ కాదు, ఐపీ ప్రోటోకాల్ 89. టీసీపీ, యూడీపీ, ఐసీఎంపీ అన్నీ పర్మిట్ చేశాం కదా అనుకుంటే ఇది బయటే నిలబడుతుంది.

ఎక్స్‌స్టార్ట్‌లో వేలాడుతోంది: దాదాపు ఎప్పుడూ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) తేడానే. ఒక వైపు 1500, అవతల 1400. హలో చిన్నది కాబట్టి పరిచయం అవుతుంది, డేటాబేస్ వివరాల ప్యాకెట్‌లో ఎంటీయూ రాసి ఉంటుంది, అక్కడ బెడిసికొడుతుంది. "ఎంటీయూ-ఇగ్నోర్" అనే కమాండ్ ఉంది కానీ అది కట్టు, మందు కాదు. ఎంటీయూలు సమానం చెయ్యి.

రౌటర్ ఐడీ రెండింటికీ ఒకటే పెట్టడం కూడా తప్పుల జాబితాలో ఉంటుంది. మార్చాక "క్లియర్ ఐపీ ఓఎస్పీఎఫ్ ప్రాసెస్" కొట్టకపోతే పాత ఐడీయే నడుస్తుంది.

పింగ్_పరమేశం
ఎంటీయూ పింగ్‌తోనే తేల్చొచ్చు. పీసీ నుంచి డోంట్-ఫ్రాగ్మెంట్ బిట్ పెట్టి 1472 బైట్ల పింగ్ పంపు. 1472కి ఐసీఎంపీ 8, ఐపీ 20 కలిస్తే 1500. అది ఆగి, 1372 వెళ్ళి 1373 ఆగిందంటే మధ్యలో 1400 ఉంది. సిస్కో రౌటర్‌లో మాత్రం సైజు అంటే హెడర్లతో కలిపి, అక్కడ 1500 అనే ఇవ్వాలి. హెడర్ల బట్టీ ఇక్కడ పనికొచ్చింది చూశావా?

మూడో_ఏడాది
చూశాను. డీహెచ్‌సీపీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా డిజైన్‌లో సర్వర్ రెండో రౌటర్ వెనక ఉంది.

ఏఆర్పీ_అప్పారావు
అయితే మీ పరీక్ష పెట్టినవాళ్ళు గట్టివాళ్ళే. డిస్కవర్ (అడ్రస్ కావాలని పీసీ మొదట వేసే కేక) బ్రాడ్‌కాస్ట్, రౌటర్ దాటదు. మొదటి రౌటర్‌లో ప్రతి వీలాన్ సబ్‌ఇంటర్‌ఫేస్ మీదా "ఐపీ హెల్పర్-అడ్రస్" ఉండాలి. బయటికెళ్ళే ఇంటర్‌ఫేస్ మీద కాదు, పీసీల వైపు. రౌటర్ ఆ సబ్‌ఇంటర్‌ఫేస్ ఐపీని రిక్వెస్ట్‌లో రాసి సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ దాన్ని చూసే ఏ పూల్ నుంచి ఇవ్వాలో తేల్చుకుంటుంది, జవాబు కూడా దానికే పంపుతుంది. అంటే సర్వర్ వైపు నుంచి ఆ సబ్‌నెట్‌కి రూట్ ఉండాలి.

ఓఎస్పీఎఫ్ పడిపోతే డీహెచ్‌సీపీ కూడా పడుతుంది. లక్షణాలు రెండు, కారణం ఒకటి. డీహెచ్‌సీపీ కాన్ఫిగ్ తవ్వుతూ కూర్చోకుండా ఉండాలంటే పీసీకి చేత్తో అడ్రస్ ఇచ్చి సర్వర్‌ని పింగ్ చెయ్యి. అది రాకపోతే గొడవ డీహెచ్‌సీపీది కాదు. అయ్యాక మళ్ళీ ఆటోమేటిక్ చెయ్యి, మర్చిపోతే అది కూడా తప్పుగానే లెక్కిస్తారు.

ఏసీఎల్‌తో ఇంకో ఉచ్చు. వీలాన్ సబ్‌ఇంటర్‌ఫేస్‌లో లోపలికి "పర్మిట్ ఐపీ 192.168.10.0 0.0.0.63 ఎనీ" ఒక్కటే ఉందనుకో. కొత్త పీసీ డిస్కవర్ 0.0.0.0 నుంచి వస్తుంది, ఏసీఎల్ చివర కనబడకుండా ఉండే డినై (నిషేధం) దాన్ని మింగేస్తుంది. అడ్రస్ ఉన్న పీసీ రెన్యూవల్ మాత్రం తన ఐపీ నుంచే సర్వర్‌కి నేరుగా వెళ్తుంది, దాటిపోతుంది. పాతవాళ్ళకి పని చేస్తూ కొత్తవాళ్ళకి ఆగితే ఇదే.

ట్రంక్_రోడ్డు
పోర్ట్‌ఫాస్ట్ (పీసీ ఉన్న పోర్టుని ఆగకుండా వెంటనే తెరిచేది) వదిలేశారు. అది లేకపోతే పాత స్పానింగ్ ట్రీలో పోర్టు లిజనింగ్ 15, లెర్నింగ్ 15, మొత్తం 30 సెకన్లు మూగగా ఉంటుంది. ఈలోగా పీసీ అడిగి అడిగి 169.254 తీసుకోవచ్చు. లైటు నారింజ రంగులో ఉంటే ఆగు, ఆకుపచ్చ అయ్యాక రెన్యూ చెయ్యి. 1985లో రేడియా పెర్ల్‌మన్ ఈ ఆల్గారిథమ్ రాసింది లూప్‌లో నెట్‌వర్క్ కూలిపోకుండా ఉండటానికి. తొందర కోసం దాన్ని ఆపేస్తే మాత్రం రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్ళు ఉంటే మీ ర్యాక్ నిమిషంలో స్తంభించిపోతుంది.

మూడో_ఏడాది
ఒక సందేహం. నేమ్‌స్పేస్ కాకుండా రెండు విండోస్ పీసీలతో ప్రయత్నిస్తే పీసీ1 నుంచి పీసీ2కి పింగ్ రాదు, అటు నుంచి ఇటు వస్తుంది. తిరుగు రూట్ లేదనుకోవాలా?

సబ్‌నెట్_సావిత్రి
కాదు. తిరుగు దారి లేకపోతే రెండు వైపులా రాదు, పింగ్‌కి రెండు దార్లూ కావాలి కదా. ఒకవైపే వస్తుందంటే పీసీ2లో విండోస్ ఫైర్‌వాల్ లోపలికొచ్చే ఎకోని ఆపుతోంది. ఏఆర్పీ టేబుల్ చూడు, లేదా పీసీ2 బదులు దాని గేట్‌వేని పింగ్ చెయ్యి.

లేయర్8
మార్కులన్నీ రాతలో ఉంటాయి, అది ఎవరూ చెప్పట్లేదు. "ట్రంక్ తప్పు, సరిచేశాను" అంటే సగమే ఇస్తారు. లక్షణం, ఏ కమాండ్‌లో ఏ లైను చూసి తేల్చుకున్నావు, కారణం, ఏం మార్చావు, మార్చాక ఏది పనిచేసింది. ఈ వరసలో రాయి. ఒకసారికి ఒకటే మార్చు. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో నీకే తెలియదు, ఇక ఎగ్జామినర్‌కి ఏం చెప్తావు?

రూట్_షెల్
కూర్చోగానే "టెర్మినల్ లెంగ్త్ 0" పెట్టి నాలుగు డబ్బాల రన్నింగ్-కాన్ఫిగ్ నోట్‌ప్యాడ్‌లోకి తీసుకో. తెర చెత్తగా వస్తే కన్సోల్ వేగం చూడు, సిస్కోకి మామూలుగా 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. డీబగ్ పెడితే "అన్‌డీబగ్ ఆల్"తో ముగించు.

సీసీఎన్ఏ_చూపు
మధ్యలో దూరుతున్నా. ఇందులో చాలా వరకు సీసీఎన్ఏ (సిస్కో సర్టిఫికెట్) 200-301 సిలబస్‌లోనే ఉంది. యూనివర్సిటీ పేపర్ బదులు సర్టిఫికెట్ చదివితే పోదా?

హలో_10_డెడ్_40
పోదు. సీసీఎన్ఏ మూడేళ్ళకి గడువు తీరుతుంది, అందులో లినక్స్ సర్వర్ నడపడం, డీఎన్ఎస్ జోన్ రాయడం, యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ డొమైన్‌లో లాగిన్‌లు చూసేది) ఉండవు. డొమైన్‌లో చేరలేకపోతున్న పీసీకి డీఎన్ఎస్ డొమైన్ కంట్రోలర్ వైపు తిప్పాలని, గడియారం 5 నిమిషాలు మించి తేడా వస్తే కెర్బెరోస్ (ఆ డొమైన్ లాగిన్ పద్ధతి) లాగిన్ తిరస్కరిస్తుందని అక్కడ అడగరు. అడ్మినిస్ట్రేషన్ పేపర్‌లో అడుగుతారు.

సీసీఎన్ఏ_చూపు
గడియారం వల్ల లాగిన్ ఆగడమా?! సరే, పేపరే చదువుతా.

క్రింపింగ్_టూల్
@మూడో_ఏడాది దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో ఏసీఎల్ మార్చాల్సి వస్తే ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టు. నిన్ను నువ్వే బయటికి గెంటుకున్నా పది నిమిషాలకి రౌటర్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. పని అయ్యాక "రీలోడ్ క్యాన్సిల్". కన్సోల్ కేబుల్ ఉంటే ఈ అవసరం లేదు.

లేయర్8
ఆ క్యాన్సిల్ మర్చిపోతే? సేవ్ చెయ్యకుండా జవాబుపత్రం రాసుకుంటూ కూర్చున్నవాడి సవరణలన్నీ పదో నిమిషంలో గోవిందా. "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్" ప్రతి సవరణ తర్వాతా కొట్టు.

మూడో_ఏడాది
నాలుగు తప్పులు వాళ్ళు పెడతారు, ఐదోది నేను పెట్టుకునేవాణ్ణి. ఈ రోజు అలౌడ్ లిస్టుతో మొదలుపెడుతున్నాను. యాడ్‌తోనే.